ఎత్తుకు పైఎత్తు: కంప్యూటర్‌తో చదరంగం ఆడేవాళ్ళ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో సగం కంప్యూటర్‌తో ఆట గురించే వచ్చాయి. పండగ దగ్గర పడింది కాబట్టి పందెం బల్ల ప్రశ్నను ముందుకు తెచ్చాం.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్ళో ముగ్గులు, తాడు లాగుడు పోటీలతో పాటు ఈసారి "కంప్యూటర్‌ను ఓడించండి, వెయ్యి రూపాయలు పట్టుకెళ్ళండి" అని ఒక బల్ల పెడదామనుకుంటున్నామండి. లాప్‌టాప్‌లో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం ఎక్కించాం. ఆడేవాళ్ళు మామూలు చెక్క బోర్డు మీదే ఆడతారు. కంప్యూటర్ ఎత్తులను మావాడొకడు బోర్డు మీద పెడతాడు. గొడవలు రాకుండా ఏం చూసుకోవాలి?
*– యువజన సంఘం సభ్యులు, అంబాజీపేట దగ్గర*

జవాబు: స్టాక్‌ఫిష్‌ను పూర్తి బలంతో వదిలితే మీ వెయ్యి రూపాయలు ఎక్కడికీ పోవు. ప్రపంచ ఛాంపియన్ వచ్చి కూర్చున్నా పోవు. అలాంటి బల్ల దగ్గర టికెట్టు డబ్బులు తీసుకోవడం లాటరీ కన్నా అన్యాయం. లాటరీలో ఎవడో ఒకడికైనా తగులుతుంది. కాబట్టి యంత్రాన్ని ఎంత తగ్గిస్తున్నారో ముందు తేల్చుకోండి. ఆ తగ్గింపును అట్టమీద పెద్దక్షరాలతో రాసి బల్లకు కట్టండి.

తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది సెట్టింగుల్లో బలం తగ్గించడం. స్టాక్‌ఫిష్‌లో 'స్కిల్ లెవెల్' 0 నుంచి 20 దాకా ఉంటుంది. ఆటగాడి బలాన్ని చెప్పే రేటింగ్ అంకె ఇచ్చి తగ్గించే ఏర్పాటు కూడా ఉంది, కానీ కొత్త వెర్షన్లలో అది 1320 కన్నా కిందికి దిగదు. అరుగు మీద ఆడుకునేవాళ్ళలో చాలామందికి ఆ 1320 కూడా గట్టి పిండమే. ఈ దారిలో ఇంకో చిక్కుంది. తగ్గించిన ఇంజన్, అంటే ఆడే ప్రోగ్రాం, మనిషిలా బలహీనంగా ఆడదు. పది ఎత్తులు మాస్టర్‌లా ఆడి, పదకొండోదానికి కారణం లేకుండా గుర్రాన్ని వదిలేస్తుంది. మంచి ఎత్తులు కొన్నింటిని లెక్కగట్టుకుని, వాటిలోంచి కావాలనే తక్కువరకం దాన్ని ఏరుకునేలా దాన్ని తయారుచేశారు మరి. చుట్టూ నిలబడ్డ జనానికి ఆ సంగతి తెలియదు. "వాళ్ళ చుట్టం కూర్చున్నాడు కదా, మధ్యలో బలం తగ్గించేశారు" అంటారు. గొడవ అక్కడే పుడుతుంది.

రెండోది బలగం తగ్గించి ఇవ్వడం. యంత్రం పూర్తి బలంతోనే ఆడుతుంది, కాకపోతే మంత్రి లేకుండానో, ఏనుగు లేకుండానో మొదలుపెడుతుంది. ఇది అందరి కళ్ళెదుటా ఉంటుంది, అనుమానానికి చోటుండదు. పెద్ద ఆటగాళ్ళతో యంత్రాలు ఇలా ఆడిన సందర్భాలున్నాయి. 2007లో రిబ్కా అనే ప్రోగ్రాం ప్రతి ఆటలో ఒక బంటు తక్కువ పెట్టుకుని గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌ను 5.5–2.5తో ఓడించింది. 2016లో కొమోడో రకరకాల తగ్గింపులిచ్చి హికారు నకమురాతో నాలుగు ఆటలు ఆడి 2.5–1.5తో నెగ్గింది. గ్రాండ్‌మాస్టర్లకే బంటు తగ్గింపు చాలలేదు కాబట్టి మీ బల్ల దగ్గర పెద్దవాళ్ళకు ఏనుగు, కాస్తో కూస్తో ఆడే కుర్రాళ్ళకు మంత్రి తీసేయండి. మంత్రి తీసేసినా కొత్తవాళ్ళు ఓడిపోతారు, అది వాళ్ళ ఆట. మాకు నచ్చేది ఈ రెండో దారే. ఏనుగు తీసేటప్పుడు ఒక జాగ్రత్త: స్క్రీన్ మీద కూడా ఆ ఏనుగును తీసి, ఆ వైపు క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి జరగడం) హక్కు గుర్తును ఎత్తేయండి. లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు పొజిషన్ తప్పని మొరాయిస్తాయి. తగ్గింపు ఇచ్చేవాళ్ళు తెల్లపావులతో ఆడటం పాత ఆనవాయితీ.

ఇక బల్ల దగ్గర వచ్చే చిక్కులు.

మనిషికి గడియారం 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిపి పెట్టండి. యంత్రానికి ఎత్తుకు 5 సెకన్లు చాలు. మీవాడు స్క్రీన్ చూసి బోర్డు మీద పావు జరపడానికి ఇంకో పది సెకన్లు పడుతుంది. 40 ఎత్తుల ఆటకు మొత్తం అరగంట దాటుతుంది. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఒక బల్ల మీద 14 ఆటలు తేలితే గొప్పే. ముప్పై టోకెన్లు అమ్మి, చీకటి పడ్డాక మిగిలినవాళ్ళను పది నిమిషాల ఆట ఆడమంటే అది న్యాయం కాదు.

'పాండర్' అనే మీట ఆపేయండి. అది ఉంటే ఎదుటివాడు ఆలోచిస్తున్నంతసేపూ యంత్రం కూడా లెక్కలు వేస్తూనే ఉంటుంది. మనిషీ అదే చేస్తాడు కదా అంటారేమో, నిజమే. కానీ మొదటివాడితో ఆడినప్పుడు ఉండి, రెండోవాడితో లేకపోతే తేడా వస్తుంది. లాప్‌టాప్‌కు చార్జర్ కూడా పొద్దున్నుంచీ పెట్టే ఉంచాలి. బ్యాటరీ మీద ఆదా మోడ్‌లోకి వెళ్తే అదే ఐదు సెకన్లలో తక్కువ లెక్క వేస్తుంది.

మీవాడు పావు తప్పు గడిలో పెడితే ఏంటి? ఇది ఎప్పుడో ఒకసారి జరిగి తీరుతుంది. యంత్రం విషయంలో స్క్రీన్ మీద కనిపించిందే అసలు ఎత్తు, బోర్డు మీది తప్పును సరిచేయాలి. మనిషి విషయంలో బోర్డు మీద ఆడిందే అసలు ఎత్తు, స్క్రీన్‌ను సరిచేయాలి. తప్పు బయటపడేసరికి రెండు మూడు ఎత్తులు గడిచిపోతే, తప్పు జరిగిన చోటికి వెనక్కి వెళ్ళి మనిషికి రెండు నిమిషాలు కలపండి. ఇదంతా కుదరాలంటే ఎవరో ఒకరు ఎత్తులు కాగితం మీద రాస్తూ ఉండాలి. కరెంటు పోయినా, లాప్‌టాప్ వేడెక్కి ఆగినా ఆ కాగితమే మిమ్మల్ని ఒడ్డున పడేస్తుంది. పావు ముట్టుకుంటే ఆడాల్సిందే అన్న నియమం ఆడేవాడికి మాత్రమే. మీవాడి చెయ్యి తగిలిందని యంత్రాన్ని ఆ పావే ఆడమనలేం.

యంత్రం దానంతటది డ్రాకు ఒప్పుకోదు, ఓటమీ ఒప్పుకోదు. కాబట్టి మీవాడు పక్కన కూర్చుని "సరే, డ్రా చేసుకుందాం" అనకూడదు. మూడుసార్లు అదే స్థితి వచ్చినా, బంటు కదలకుండా, పావు చావకుండా యాభై ఎత్తులు గడిచినా, ఆటలో ఉన్న మనిషి అడిగితే డ్రా ఇవ్వండి. డ్రా అయితే సగం బహుమతా, మళ్ళీ ఒక ఆటా అన్నది ముందే అట్ట మీద రాయండి. గెలిచే ఆటను మాత్రం ఆటకట్టు దాకా ఆడనివ్వండి. చివర్లో ఒక ఏనుగుతో కట్టలేక యాభై ఎత్తులు వృథా చేసినవాడికి వెయ్యి ఇచ్చేస్తే, కట్టగలిగినవాడికి కోపం వస్తుంది.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. పూర్తి బలంతో ఒకే త్రెడ్ మీద (ప్రాసెసర్‌లో ఒక్క లెక్కల వరుస మీద), ఇన్ని ఎత్తుల ముందు దాకా చూడాలని లోతు బిగించి పెడితే, అదే ఎత్తుకు యంత్రం ప్రతిసారీ అదే జవాబిస్తుంది. పొద్దున ఒకడు గెలిచి, ఆ ఎత్తులు చీటీ మీద రాసి బావమరిదికి ఇస్తే మధ్యాహ్నానికి మీ డబ్బా ఖాళీ. గెలిచినవాడిది తప్పు కాదు, అది కూడా తెలివే. అలా జరక్కుండా లోతుకు బదులు సమయం బిగించండి, రెండు త్రెడ్లు ఇవ్వండి, ఏ పావు తీసేస్తున్నారో ఆటకొకటి మార్చండి. మార్చేది ఆట మొదలుకాక ముందే, నలుగురికీ చెప్పి మార్చాలి.

ఫోన్లు? ఆడేవాడి ఫోను బల్ల మీద మీ దగ్గర పెట్టించండి. వెనకాల నిలబడి "గుర్రం, గుర్రం" అని గొణిగే బాబాయిలను ఏం చేయాలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లో ఉంది గానీ కోనసీమలో అది అమలు చేయడం కష్టం. బల్లకు చుట్టూ రెండు గజాల దూరంలో తాడు కట్టండి.

ప్రశ్న: మనవడు నా ఫోన్లో చదరంగం పెట్టి ఇచ్చాడండి. అరవై ఏళ్ళుగా ఆడుతున్నాను. ఈ ఫోను మోసం చేస్తోంది. నా బంటు రెండు గడులు నడిస్తే, పక్కనున్న దాని బంటు ఐమూలగా ఖాళీ గడిలోకి వెళ్ళి నా బంటును తీసేసింది! ఇదెక్కడి ఆట?
*– ఒక రైతు, లంక గ్రామం, కోటిపల్లి దగ్గర*

జవాబు: మోసం కాదు పెద్దాయనా, దాని నియమం అది. దాని బంటు తన వైపు నుంచి ఐదో వరుస దాకా వచ్చి ఉంది. మీ బంటు మొదటి అడుగుగా రెండు గడులు దాటి దాని పక్కన నిలబడింది. అలాంటప్పుడు మీరు ఒక్క గడే నడిచినట్టు లెక్కగట్టి మీ బంటును తీసే హక్కు దానికి ఉంటుంది, కానీ వెంటనే వచ్చే ఎత్తులోనే. ఒక్క ఎత్తు ఆలస్యం చేస్తే ఆ హక్కు పోతుంది. ఆన్ పాసాన్ అంటారు. మీకూ ఆ హక్కు ఉంది, ఈసారి మీరే దాన్ని పట్టుకోండి.

బంటు ఒక్కో గడే నడిచే దేశవాళీ ఆటలో ఈ తగాదా పుట్టదు. ఆ ఆటలో రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు, చివరికి చేరిన బంటు ఆ వరుస మొదట్లో ఏ పావు ఉండేదో ఆ పావే అవుతుంది. ఫోను ఇవేవీ ఒప్పుకోదు. దాని ఆటలో చివరికి చేరిన బంటు ఏ వరుసలో ఉన్నా మంత్రి కావచ్చు, ఇంకో మంత్రి బోర్డు మీద ఉన్నా కావచ్చు. అరుగు మీద మీ ఈడువాళ్ళతో పాత ఆట, ఫోనుతో కొత్త ఆట. రెండూ కలిపి ఆడకండి, అంతే.

ప్రశ్న: మా పిల్లవాడు ట్యాబ్‌లో ఎత్తు వెనక్కి తీసుకుంటూ, తీసుకుంటూ ఎనిమిదో లెవెల్‌ను ఓడించానని చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడుతున్నాడు. ఇది తప్పా?
*– ఒక తల్లి, తణుకు*

జవాబు: ఎత్తు వెనక్కి తీసుకోవడం నేర్చుకోవడానికి మంచి పద్ధతి. ఎదుట మనిషి లేడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఫొటో కింద "నాలుగు ఎత్తులు వెనక్కి తీసుకున్నా" అని రాయమనండి. లేకపోతే వాళ్ళ పెదనాన్న మీవాణ్ణి టోర్నమెంటులో పేరు రాయించేస్తాడు.

ప్రశ్న: క్లబ్బు టోర్నమెంటులో నా ప్రత్యర్థి ప్రతి పది నిమిషాలకూ బాత్రూంకు వెళ్ళి వచ్చి బ్రహ్మాండమైన ఎత్తు ఆడాడు. ఇంటికెళ్ళి ఇంజన్‌తో చూస్తే తొంభై ఐదు శాతం కలిసింది. గ్రూపులో పెట్టనా?
*– ఒక ఆటగాడు, భీమవరం*

జవాబు: పెట్టకండి. ఆ తొంభై ఐదు శాతం రుజువు కాదు. ఎదుటివాడు తేలిగ్గా ఓడిపోతున్న ఆటలో, సగం పావులు మార్పిడైపోయిన ఆటలో, ముందే నేర్చుకున్న ఓపెనింగ్‌లో మామూలు ఆటగాడి ఎత్తులు కూడా ఇంజన్‌తో అంతే కలుస్తాయి. మీ ఎత్తులను కూడా అదే ఇంజన్‌లో వేసి చూడండి. నిజంగా చూడాల్సింది వేరే: ఓపెనింగ్ దాటాక, ఒకే ఎత్తు తప్ప మిగతావన్నీ ఓడిపోయే చోట్ల ఏం ఆడాడు, ఆ చోట్ల ఎంతసేపు తీసుకున్నాడు, అలాంటి ఆటలు ఎన్ని ఉన్నాయి. ఒక్క ఆటతో ఇది తేలదు.

చేయాల్సింది ఆట జరుగుతున్నప్పుడే చేయాలి. గడియారం ఆపి, బల్ల దగ్గర మాట్లాడకుండా ఆర్బిటర్ (పోటీ న్యాయనిర్ణేత) దగ్గరికెళ్ళి, "ఇన్నోసారి లేచాడు, గమనించండి" అని మెల్లగా చెప్పండి. తర్వాత చూసుకోవడం, వెతకడం ఆర్బిటర్ పని. ఫిడే నియమాల 11.3 ప్రకారం ఆర్బిటర్ ఒప్పుకోని ఎలక్ట్రానిక్ వస్తువు ఆడేచోట ఆటగాడి దగ్గర ఉందని తేలితే ఆట పోయినట్టే. వాడాడా లేదా అన్నది కూడా అక్కర్లేదు. పోటీ నియమాలు ఒప్పుకుంటే స్విచ్చాఫ్ చేసి సంచిలో పెట్టుకోవచ్చు. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో బాత్రూంలో ఫోనుతో దొరికిన గ్రాండ్‌మాస్టర్ ఇగోర్స్ రౌసిస్ తన బిరుదే పోగొట్టుకున్నాడు.

అనుమానం బయటపెట్టడంలోనూ ఒక హద్దుంది. ఆధారం లేని ఆరోపణకు శిక్ష ఫిడే నియమాల్లోనే ఉంది. 2022లో ప్రత్యర్థి మీద అనుమానంతో సింక్‌ఫీల్డ్ కప్ మధ్యలోనే లేచిపోయిన మాగ్నస్ కార్ల్‌సన్‌కు, సరైన కారణం లేకుండా టోర్నమెంటు వదిలినందుకు ఫిడే 10,000 యూరోల జరిమానా వేసింది. ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి లేచిపోయినవాడికే తప్పలేదు. మీరు గ్రూపులో ఒక ఫొటో పెడితే ఆ కుర్రాడి పేరు భీమవరం నుంచి నరసాపురం దాకా రాత్రికి రాత్రే పాకుతుంది. అది తప్పని తేలితే మీరు ఎలా వెనక్కి తీసుకుంటారు?

ప్రశ్న: 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఐబీఎం వాళ్ళ కంప్యూటర్ డీప్ బ్లూ మోసం చేసి గెలిచిందని మా హాస్టల్లో ఒకరంటున్నారు. నిజమేనా?
*– ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ*

జవాబు: మోసం అని రుజువు కాలేదు. ఒప్పందాలు సరిగ్గా రాసుకోకపోవడం మాత్రం కనిపిస్తుంది.

1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ 4–2తో గెలిచాడు. 1997 మేలో న్యూయార్క్‌లో మళ్ళీ ఆరు ఆటలు ఆడారు, ఈసారి డీప్ బ్లూ 3.5–2.5తో గెలిచింది. అనుమానమంతా రెండో ఆట మీదే. మంత్రితో పావులు లాక్కుంటుందని అందరూ అనుకున్న చోట యంత్రం ఆ ఆశ వదిలి, మనిషిలా నెమ్మదిగా ఎదుటివాణ్ణి బిగించింది. మనసు చెదిరిన కాస్పరోవ్ ఓటమి ఒప్పేసుకున్నాడు. ఆ స్థితిలో చెక్ మీద చెక్ ఇస్తూ డ్రా చేసుకునే దారి ఉందని తర్వాత తేలింది. యంత్రం లోపలి లెక్కల కాగితాలు చూపమని ఆయన అడిగాడు. ఐబీఎం అప్పుడే ఇవ్వలేదు, తర్వాత ఇంటర్నెట్లో పెట్టింది.

ఆటకీ ఆటకీ మధ్య ప్రోగ్రాంను మార్చుకోవడానికి నియమాలు ఒప్పుకున్నాయి. కాస్పరోవ్ ఆడిన ఆటలన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి, డీప్ బ్లూ కొత్తగా ఆడిన ఆటలు మాత్రం ఆయనకు ఇవ్వలేదు. మా లెక్కలో అసలు తేడా అక్కడే ఉంది. యంత్రం సెకనుకు 20 కోట్ల స్థితులు చూడటంలో అన్యాయం లేదు, అది దాని బలం. ఒకవైపే తెర ఎత్తి ఉండటం అన్యాయం. మళ్ళీ ఆడదామంటే ఐబీఎం ఒప్పుకోలేదు, యంత్రాన్ని విప్పేశారు.

ఆ తప్పులు చూసి నేర్చుకున్నట్టుంది 2006లో బాన్ నగరంలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాం ఆడిన పోటీ. ప్రోగ్రాం ముందే క్రామ్నిక్ చేతికిచ్చారు. యంత్రం పుస్తకంలోంచి ఓపెనింగ్ ఎత్తులు వేస్తున్నంతసేపూ ఆ పుస్తకం స్క్రీన్ మీద ఆయనకూ కనిపించేది. అంత చేసినా క్రామ్నిక్ 2–4తో ఓడిపోయాడు. రెండో ఆటలో ఒకే ఎత్తులో పడే ఆటకట్టును చూసుకోలేదు. ఎత్తు వెనక్కి ఇమ్మని అడగలేదు, యంత్రం మీద నెపం వెయ్యలేదు. మీ హాస్టల్లో ఆ ఆటను ఒకసారి వేసి చూడండి.

ప్రశ్న: స్నేహితుడితో ఫోన్లో రోజుకొక ఎత్తు చొప్పున ఆడుతున్నాను. మధ్యలో కంప్యూటర్‌ను అడగొచ్చా? పుస్తకం చూడొచ్చా?
*– ఒక పాఠకుడు, రావులపాలెం*

జవాబు: ఎక్కడ ఆడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. లీచెస్, చెస్ డాట్ కామ్ వెబ్‌సైట్లు రెండింటిలోనూ ఇలాంటి నిదానపు ఆటల్లో ఓపెనింగ్ పుస్తకం చూడొచ్చు, ఇంజన్ వాడకూడదు. అంతర్జాతీయ ఉత్తర చదరంగ సమాఖ్య ఐసీసీఎఫ్‌లో మాత్రం ఇంజన్ వాడటం నియమం ప్రకారమే సరైనది. అక్కడ ఇద్దరూ వాడతారు, అందుకే అక్కడ ఆటలు ఎక్కువగా డ్రాగా ముగుస్తాయి. స్నేహితుడితోనైనా ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. ధర్మకార్యానికి ఆడే సరదా ఆట కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో కోవిడ్ సాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆన్‌లైన్‌లో చాలామందితో ఒకేసారి ఆడినప్పుడు, ఎదుట కూర్చున్న ఒక వ్యాపారవేత్త కంప్యూటర్ సాయం తీసుకుని గెలిచి, మర్నాడు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలంతా ఫోన్లో నేర్చుకున్నవాళ్ళే. జిల్లా పోటీలకు తీసుకెళ్తే ఆట బాగానే ఉంటుంది గానీ మర్యాదలు తెలియక పాయింట్లు పోగొట్టుకుంటున్నారు. ఏం నేర్పాలి?
*– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు*

జవాబు: ఫోను తప్పు ఎత్తును ఒప్పుకోదు. అదే అసలు ఇబ్బంది. రాజుకు చెక్ ఉంటే వేరే పావు కదలదు కాబట్టి పిల్లవాడు చెక్ చూసుకోవడం నేర్చుకోడు. పెద్ద సమయం ఆటల్లో నియమవిరుద్ధమైన ఎత్తు ఆడి గడియారం నొక్కితే మొదటిసారి ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారికి ఆట పోతుంది.

క్యాస్లింగ్‌కు ఫోన్లో ఎలా వేలు పెట్టినా నడుస్తుంది. బోర్డు మీద మాత్రం ఒక్క చేత్తో, ముందు రాజును జరపాలి. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ లేదు. బంటు మంత్రి అయినప్పుడు ఫోను తనంతట మంత్రిని తెచ్చిపెడుతుంది. ఇక్కడ మంత్రి దొరక్కపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను అడగాలి. ఏనుగును తిరగేసి పెట్టి "ఇదే మంత్రి" అంటే కుదరదు, తిరగేసినా అది ఏనుగే. పావు ఏ చేత్తో కదిపితే గడియారం ఆ చేత్తోనే నొక్కాలి. పావు గడిలో పక్కకు ఒరిగి ఉంటే, తన వంతు వచ్చినప్పుడే "సర్దుతున్నా" అని చెప్పి ముట్టుకోవాలి. చెప్పకుండా ముట్టుకుంటే ఆ పావే ఆడాలి. డ్రా అడిగేది ఎత్తు ఆడాక, గడియారం నొక్కకముందు. ఒకసారి వద్దన్నాక మళ్ళీ మళ్ళీ అడిగితే అది ఎదుటివాణ్ణి వేధించడం కింద లెక్క. ఫోను విసుక్కోదు కాబట్టి ఈ ఒక్కటి పిల్లలకు త్వరగా ఎక్కదు.

వారానికి రెండు గంటలు చాలు. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించి, గడియారం, ఎత్తులు రాసే కాగితం ఇచ్చి ఆడించండి. ఒక పెద్ద పిల్లవాణ్ణి ఆర్బిటర్‌గా కూర్చోబెట్టండి. వాళ్ళ తగాదాలు వాడే తీర్చనీ.